ఉప్పు మడిలో నిలబడ్డ మనిషి

జూన్ 2

దుప్పటి తడి, దిండు తడి. మొన్న ఆరేసిన తువ్వాలు ఇంకా ఆరలేదు, ఇప్పుడు వాసన కూడా మొదలైంది. లాడ్జి గది గోడకి నల్లటి బూజు మోకాలెత్తు దాకా పాకింది. యజమానిని పిలిచి చూపిస్తే "వానాకాలం కదమ్మా" అన్నాడు. వానాకాలాన్ని నేనే వెంటబెట్టుకొచ్చినట్టు చూశాడు.

ఒక లెక్కన అది నిజమే. వాన ఎక్కడుంటే అక్కడికి మేం వెళ్తున్నాం. తమ్ముడి మెరుపుల ఫొటోల పుస్తకం. ఫొటోలు వాడివి, మాటలు నావి. ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాను. పిడుగులు ఎక్కువ పడే ఊళ్ళు వెతుక్కుంటూ తిరగడం, మబ్బు పట్టగానే కారెక్కడం, తడిసి తిరిగి రావడం. ఇది మూడో ఊరు. మూడు ఊళ్ళలోనూ పరుపులు ఒకటే కంపు.

వాడు మాత్రం హుషారు. "ముఖం అలా పెట్టకే అక్కా. ఇవాళ కాకపోతే రేపు. ఆకాశం చూడు, పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలగిన్నెలా ఉంది" అన్నాడు.

నాకు పాలు కూడా పడటం లేదు ఇక్కడ.

జూన్ 3

ఊరికి దూరంగా ఉప్పు మడులు. కారు గట్టు మీద దాకా వెళ్తుంది. కనుచూపు మేర చదునైన నేల, దాని మీద పలచగా ఉప్పు నీళ్ళు. చెట్టు లేదు, స్తంభం లేదు. దూరంగా ఒక రేకుల షెడ్డు, దాని వెనక కూలీల క్వార్టర్లు.

"అద్దం అక్కా ఇది. పైన ఒక మెరుపు పడితే కింద ఇంకోటి ఉచితం" అన్నాడు తమ్ముడు.

మేస్త్రీ చెప్పిన విషయం రాసుకున్నాను, పుస్తకంలో పనికొస్తుందని. ఉరుము వినిపిస్తే షెడ్డు మీద సైరన్ కూత వేస్తారు. కూత వినబడ్డాక ఎవరూ మడిలో ఉండకూడదు. చేతిలో ఉన్న కర్ర అక్కడే పడేసి షెడ్డులోకి రావాలి. రాకుండా ఉండిపోతే ఆ తరవాత ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదు. ఇక్కడ మనిషి కంటే ఎత్తైనది మనిషి చేతిలో ఉన్న కర్ర ఒక్కటే అని కూడా చెప్పాడు.

తమ్ముడు ఆ మాటలు వినలేదు. పనివాళ్ళని చూస్తున్నాడు. బజారులో వంకాయలు ఏరేటప్పుడు అమ్మ చూసే చూపు అది.

"ఖాళీ ఆకాశం ఎవడికి కావాలక్కా. మనిషి పక్కనుంటేనే మెరుపు ఎంతుందో తెలిసేది."

వాళ్ళలో అందరికంటే ఒక జానెడు ఎత్తున్నతను కనిపించాడు. వాళ్ళంతా అతన్ని "పొడుగు" అని పిలుస్తున్నారు. "ఏం పొడుగూ, పైన వాన మొదలైందా, ఇంకా మాకు రాలేదు" అని ఒకతను అంటే అందరూ నవ్వారు. పొడుగు కూడా నవ్వాడు. రోజూ వినే జోకుకి నవ్వే నవ్వు. పుస్తకం మీద వేసే ఫొటోల కోసం వచ్చామని తమ్ముడు అతనితో చెప్పాడు. ఉప్పుని గట్టుకి లాగే పొడవాటి కర్ర పలక భుజాన వేసుకుని మా డ్రైవర్ కి దారి చూపించాడు. అడగకుండానే.

జూన్ 4

కడుపు తిప్పుతోంది. గది వదల్లేదు. తమ్ముడూ డ్రైవరూ మధ్యాహ్నం మడులకి వెళ్ళారు.

జూన్ 5

నిన్న జరిగింది, తమ్ముడు చెప్పింది చెప్పినట్టు:

మబ్బు దిగింది. ఫొటోలు తీశాడు. కూత వేశారు. అప్పటికి వీళ్ళు సామాను సర్దేసుకుంటున్నారు. పనివాళ్ళంతా షెడ్డులోకి వెళ్ళారు, పొడుగు ఒక్కడూ వెళ్ళలేదు. పిడుగు పడింది. మనిషి బతికాడు. ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఎందుకు వెళ్ళలేదు?"

"ఏమో. తాగి ఉంటాడు."

డ్రైవర్ గుమ్మం దగ్గర నిలబడి చెప్పులకంటిన బురద గీకుతున్నాడు. చాలాసేపు గీకాడు.

తరవాత తమ్ముడు గొంతు తగ్గించి అడిగాడు. "పిడుగు తగిలిన వాళ్ళ ఒంటి మీద చెట్టు కొమ్మల్లా ఎర్రగా చారలు పడతాయంట అక్కా, తెలుసా? ఒక రోజులో పోతాయంట. పలకరించి వద్దామా?"

జూన్ 5, సాయంత్రం

వెళ్ళాం. పండ్లు కొన్నాడు. చేతి సంచిలో పండ్లు, భుజానికున్న సంచిలో కెమెరా.

పొడుగుకి ఆ మంచం చాలలేదు, పాదాలు బయటికి వేలాడుతున్నాయి. రెండు చెవులకీ దూది. ఏదడిగినా "ఆఁ?" అంటున్నాడు, అదీ అరిచినట్టు, తన గొంతు తనకి వినబడదు కాబట్టి. నిన్నటి సంగతి ఒక్కటి కూడా గుర్తు లేదు. పొద్దున క్వార్టర్ నుంచి బయలుదేరింది గుర్తుంది, తరవాత ఈ మంచం.

భార్య సన్నటి మనిషి. తమ్ముడి చేతిలో కెమెరా చూసి ఆసుపత్రి తరఫున వచ్చాడనుకుంది. తనే భర్తని ఒక పక్కకి తిప్పి, చొక్కా పైకెత్తి పట్టుకుంది. మెడ నుంచి నడుము దాకా ఆకులేని కొమ్మ. తమ్ముడు కిటికీ తెర తీశాడు, వెలుతురు కోసం. ఆమెని కొంచెం పక్కకి జరగమన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు ఆమె నన్ను అడిగింది, "ఆయన డాక్టరాండీ?"

"కాదు, ఫొటోలు తీస్తాడు."

"మీరు?"

"పత్రికలో పని చేస్తాను."

ఆమె మంచం దగ్గరికి వెళ్ళింది. వాడు నా తమ్ముడని మాత్రం చెప్పలేదు.

కారులో వాడు ఆ ఫొటోలు చూసుకుంటూ "అబ్బ" అన్నాడు. రాత్రి రెండు ఆమ్లెట్లు తిన్నాడు. నేను గ్లాసెడు నీళ్ళు తాగి పడుకున్నాను. ఆ నీళ్ళు కూడా వెగటు.

జూన్ 6

కవర్ ఫొటో చూపించాడు. బాగుంది. బాగున్నదాన్ని బాగాలేదనడం నాకు రాదు.

సంజె వెలుగు. ముందు పొడుగు, నల్లటి ఆకారం, కర్రని తల మీదకి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. వెనక మెరుపు నేల దాకా దిగింది. నీళ్ళలో ఇంకో పొడుగు, ఇంకో మెరుపు.

"ఇది ఆ రోజుదే కదా?"

"ఆ రోజుదే. పిడుగుకి చాలా ముందు."

"ఎంత ముందు?"

"అబ్బా! ఇంటర్వ్యూ మొదలెట్టావా? పని చేసుకుంటున్నాడు, తీశాను. అంతే."

జూన్ 7

వాడు అబద్ధం ఆడడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే ముక్కలు చేతిలో పట్టుకుని తనే వచ్చి చూపించేవాడు.

జూన్ 8

ఉప్పు కంపెనీ వాళ్ళు నోటీసు ఇచ్చారని డ్రైవర్ చెప్పాడు. తాగి, కూత విని కూడా మడిలో ఉండిపోయాడు కాబట్టి తప్పు పొడుగుదే. పని లేదు. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి.

"తాగాడని ఎవరన్నారు?" అని అడిగాను.

"అందరూ అంటున్నారండి. తాగకపోతే ఎందుకుంటాడంటున్నారు."

"మొదట ఎవరన్నారు?"

డ్రైవర్ కి అప్పుడే కారు టైర్లలో గాలి గుర్తొచ్చింది.

జూన్ 9

తమ్ముడు లెన్సు తుడిపించుకోవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. వాడి ల్యాప్‌టాప్‌లో ఫొటోలు చూసి మాటలు రాసుకోవడం నా పని, కాబట్టి తెరిచాను. కవర్ ఫొటో ఒక్కటే కాదు, ఆ సాయంత్రానివన్నీ వరసగా చూశాను.

మొదటిదాంట్లో గట్టు మీద బూడిద రంగు చారికలు. షెడ్డు వైపుకి. పొడుగు ఒక్కడే స్పష్టంగా ఉన్నాడు. తరవాతి ఎనిమిదింటిలోనూ మడి మొత్తం ఖాళీ, పొడుగు మాత్రం అక్కడే ఉన్నాడు. కాళ్ళు అక్కడే, కర్ర అదే ఎత్తులో, మోచేతి వంపుతో సహా. పదోది, చివరి ఫొటో, అంతా తెలుపు.

మెరుపు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి షట్టర్ పదిహేనేసి సెకన్లు తెరిచి ఉంచుతానని వాడే చెబుతుంటాడు. నాకు ఫొటోల సంగతి తెలియదు. తెలియనప్పుడు పరీక్షించి చూడాలి. సాయంత్రం వాడి రెండో కెమెరా స్టాండుకి బిగించి లాడ్జి మేడ మీదకి పట్టుకెళ్ళాను. డ్రైవర్ కి చీపురు ఇచ్చాను.

"ఊడవాలా? నేనా?"

"పదిహేను సెకన్లు."

"పోనీ శుభ్రంగా ఊడవనా, ఉత్తుత్తినా?"

"మీ ఇంట్లో ఎలా ఊడుస్తావో అలాగే."

"మా ఇంట్లో నేను కాళ్ళెత్తి కూర్చుంటానండి, అంతవరకే నా పని" అని నవ్వుతూనే ఊడ్చాడు. ఫొటోలో డ్రైవర్ లేడు. డ్రైవర్ ఉండాల్సిన చోట పొగ ఉంది.

"ఇది నేనా? నేను చచ్చిపోయాక తీసినట్టుందేంటండీ!"

"ఇప్పుడు చీపురు పైకెత్తి కదలకుండా నిలబడు."

ఈసారి వచ్చాడు. చొక్కా గుండీతో సహా వచ్చాడు. ఆ ఫొటో చూశాక అతను నవ్వలేదు. చీపురు గోడకి ఆనించి, సరిగ్గా ఆనలేదని మళ్ళీ ఆనించాడు.

"నన్నేమీ అడక్కండమ్మా."

"నేనేం అడగలేదు."

"అడగలేదు కాబట్టే చెప్తున్నా."

చెప్పాడు. తమ్ముడు పొడుగుని నిలబెట్టాడు. కర్ర ఎత్తించాడు. కూత వేశారు. మిగతావాళ్ళు పరిగెత్తారు. పొడుగు ఒకసారి షెడ్డు వైపు చూసి, ఒకసారి కారు వైపు చూశాడు.

"కారు వైపా? కెమెరా వైపు కదా?"

"కెమెరా బయట స్టాండ్ మీద ఉందండి. సార్ కార్లో ఉన్నారు. నాకూ చెప్పారు, కారు లోపల ఉంటే పిడుగేం చెయ్యదు అని. అక్కడ నుంచే రిమోట్ బటన్ నొక్కుతున్నారు. అద్దం ఇంత దించి, 'ఇంకొక్కటి, కదలొద్దు, ఇంకొక్కటి' అన్నారు. మళ్ళీ అద్దం ఎత్తేశారు. వాన జల్లు పడుతోందని."

"పొడుగు ఎందుకు ఒప్పుకున్నాడు? ఏమైనా ఇస్తామన్నారా?"

"ఏం లేదండి. పెద్దమనిషి అడిగాడు కదా, మధ్యలో పోతే బాగోదనుకుని ఉంటాడు. వాడంతే."

జూన్ 10

తమ్ముడిని అడిగాను. దాచలేదు. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

"అవును, నిలబడమన్నాను. అయితే? పిడుగు నేను వేశానా? కూత అతనికి వినబడలేదా? చిన్నపిల్లాడా?"

"తాగాడని నాతో అన్నావు."

"తాగి ఉండొచ్చు అన్నాను."

"కంపెనీ వాళ్ళతో ఏమన్నావు?"

చేతి గోళ్ళు చూసుకున్నాడు.

"కంపెనీ దగ్గరికి నాతో రా. 'నేను నిలబడమన్నాను' అని ఒక్క ముక్క చెప్పు. అతనికి ఇల్లు నిలబడుతుంది."

"నా పేరు పోతుంది. ఈ ఫొటో కోసం ఎన్నేళ్ళు తిరిగానో తెలుసా నీకు? పెద్ద నీతులు చెప్తున్నావు గానీ, నువ్వు మాత్రం? శవం పక్కన ఏడుస్తున్న వాళ్ళ దగ్గరికెళ్ళి, పోయిన మనిషి వయసెంత అని అడిగినదానివి కాదూ?"

"అడిగాను. చావమని అడగలేదు."

కాసేపు గదిలో తిరిగాడు. తరవాత నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు బొమ్మ కొనిపెట్టమని అడిగేటప్పటి గొంతుతో అన్నాడు. "పోనీ పుస్తకం అతనికి అంకితం ఇద్దామక్కా. మొదటి పేజీలో. పెద్ద అక్షరాలు."

బాత్రూంలోకి వెళ్ళాను. కుళాయిలో నీళ్ళు తుప్పు రంగులో వచ్చాయి. వాటితోనే చెయ్యి కడుక్కున్నాను.

జూన్ 11

ఇది నా పని కాదు. నేను సెలవులో ఉన్నాను.

జూన్ 12

అయినా క్వార్టర్ల దగ్గరికి వెళ్ళాను. ఊరికే, చూడటానికి.

ఒకటే గది. భార్య గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి గోనెసంచిలో కడుతోంది. నెలాఖరు ఇంకా రాలేదు కదా అంటే "రాకుండా ఉంటుందాండీ" అంది.

ఆసుపత్రి నుంచి వచ్చేశాడంట, కానీ పొడుగు ఇంట్లో లేడు.

"ఎక్కడికి వెళ్ళాడు?"

"ఊళ్ళోకి. తను ఎక్కడ తాగాడో కనుక్కోవడానికి."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"ఆయన తాగడండీ. ఆ వాసనకే వాంతి చేసుకుంటాడు. కానీ అందరూ అంటున్నారు, ఆయనకేమో గుర్తు లేదు. నిజమేనేమో అనుకుంటున్నాడు. సారా దుకాణాల్లో అడిగి వస్తున్నాడు, ఆ రోజు నేను మీ దగ్గరికి వచ్చానా అని. ఒకడు ఎకసెక్కానికి వచ్చావన్నట్టు తల ఊపాడంట. ఈయన నమ్మేశాడు. రాత్రి నా కాళ్ళు పట్టుకున్నాడండీ, క్షమించమని." గోనెసంచి మూతి గట్టిగా లాగి ముడేసింది. "మీరు పత్రికవాళ్ళు కదా. నాకు ఒక్కటి చెప్పండి. అందరూ పరిగెత్తితే ఈయనెందుకు నిలబడ్డాడు?"

నాకు తెలుసు. "కనుక్కుంటాను" అన్నాను.

ఈ మాట ఇక్కడ రాస్తుంటేనే నోరు చేదుగా ఉంది.

జూన్ 13

తొమ్మిది ఫొటోలూ, చివరి తెల్లదీ, డ్రైవర్ ఊడుస్తున్న ఫొటో, ఊడవని ఫొటో స్టూడియోలో వేయించి కంపెనీ మేనేజర్ బల్ల మీద పరిచాను. డ్రైవర్ నాతో లోపలికి రానన్నాడు. వచ్చాడు.

వరసగా చెప్పాను. ఈ చారికలు షెడ్డుకి పరిగెత్తుతున్న మీ కూలీలు, కాబట్టి కూత అప్పటికే అయింది. ఇతను చెదరకుండా ఉన్నాడు, కాబట్టి పని చెయ్యట్లేదు, తూలట్లేదు. తాగిన మనిషి తల మీద అంత బరువెత్తి తొమ్మిదిసార్లు ఒకేలా నిలబడలేడు. ఎవరో నిలబడమంటే నిలబడ్డాడు.

మేనేజర్ ఫొటోలో ఊడవని డ్రైవర్ ని, ఎదురుగా నిలబడ్డ డ్రైవర్ ని మార్చి మార్చి చూశాడు. అతని ముఖంలో బరువు దిగడం కనిపించింది. తప్పు కూలీది కాకపోయినా కంపెనీది కూడా కాదు, బయటివాళ్ళది. అది అతనికి ఇంకా నయం. పొడుగు ఎలా ఉన్నాడని అడగలేదు. "అయితే నోటీసు వెనక్కి తీసుకుంటాం. పనిలోకి ఎప్పుడొస్తాడో చూద్దాం. మీరు ఇదంతా రాసి సంతకం పెట్టండి మేడమ్. ఫొటోలు తీసినాయన మీకు తెలుసా?"

"నా తమ్ముడు."

"ఆఁ, అందరం తమ్ముడనే అంటాం..."

"తోడబుట్టిన తమ్ముడు."

కలం మూత తీసి నా చేతికిచ్చాడు.

జూన్ 13, మళ్ళీ

వాడికి అప్పటికే తెలిసింది. అరుస్తాడనుకున్నాను. మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"అమ్మకేం చెప్తావు?"

"మేనేజర్ కి చెప్పిందే."

"సరే. జరిగిందేదో జరిగింది. పబ్లిషర్ తో మాట్లాడాను. ఎగిరి గంతేశాడు. 'మనిషి మీద పిడుగు పడే ముందు క్షణం' అని కవర్ మీదే వేద్దామంటున్నాడు. ఒక రకంగా నువ్వు మంచి పనే చేశావక్కా. ఇప్పుడు నువ్వు రాసేదానికి ఇంకా బలం వస్తుంది."

వాడి ముఖంలో కోపం కోసం వెతికాను, సిగ్గు కోసం వెతికాను. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"రాస్తాను. కూత అయ్యాక ఇతన్ని నిలబెట్టి, కారులో అద్దాలెత్తుకుని కూర్చుని తీశాడు అని రాస్తాను. పుస్తకంలో రాయనివ్వకపోతే పత్రికలో రాస్తాను. కవర్ మీద ఆ బొమ్మ వేసిన రోజునే."

ఫోను పక్కన పెట్టాడు. ఈ ప్రయాణంలో మొదటిసారి వాడు నా మాట పూర్తిగా విన్నట్టు కనిపించాడు.

"అంటే కవర్ పోయినట్టే."

"పోయినట్టే."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ బూజు గోడవైపు.

జూన్ 14

క్వార్టర్ కి వెళ్ళాను. గోనెసంచి మూతి విప్పి ఉంది. కబురు ముందే చేరింది.

పొడుగు అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, వద్దన్నా వినిపించలేదు. ఆ వరసలో ఇళ్ళన్నిటికీ వినబడేలా "తాగలేదంటండీ! నేను తాగలేదంట!" అని అరిచాడు. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. అరిచి, నవ్వి, చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

ఎవరు నిలబెట్టారో భార్యకి చెప్పాను. కెమెరాతో ఆసుపత్రికి వచ్చినతనే అని, అతను నా తమ్ముడని చెప్పాను. తను చొక్కా ఎత్తి పట్టుకున్న సంగతి ఆమెకి గుర్తొచ్చింది. నాకెలా తెలిసిందంటే, ఆమె తన కుడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది. నన్ను కూర్చోమని అనలేదు.

నా చేతిలో ఫొటోలు చూసి, చూపించమన్నది అతనే. ఇచ్చాను. ఒక్కొక్కటే, అంచులు పట్టుకుని, చూశాడు. మొదటిది, రెండోది, అన్నీ. చివరి తెల్ల ఫొటోని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"చూడవే" అని భార్యని పిలిచాడు. "ఎంత కదలకుండా నిలబడ్డానో చూడు. అంతసేపు! కర్ర కూడా దించలేదు."

ఆమె ఫొటోలు అతని చేతిలోంచి లాక్కుని బోర్లా పెట్టింది. నా వైపు తిరిగి, "ఈయనకి బుద్ధి లేదండీ. పోనీ, బుద్ధున్నవాళ్ళు మీరేం చేశారు?" అంది.

అతను మా ఇద్దరి పెదాలూ చూస్తున్నాడు. ఏం మాట్లాడుకుంటున్నామో తెలియక నన్నే అడిగాడు, అరుస్తూ. "పుస్తకం మీద ఎప్పుడు వేస్తారండీ?"

వెయ్యరు అని తల అడ్డంగా ఊపాను. అతనికి అర్థం కాలేదు. భార్య అతని చెవి దగ్గరికి వంగి, దూది తొలగించి, గట్టిగా చెప్పింది.

"వెయ్యరంట!"

అతని ముఖం చిన్నబోయింది.

"అదేంటి," అన్నాడు. "నేను బాగానే నిలబడ్డాను కదా."